రెండు హెడ్‌ఫోన్లు - మా నాయన చెవులు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పటి నుంచి వారం రోజులు నాకేమీ తోచలేదు. పాత సంచికలు తీసి చూశాను. గ్రూప్స్ ఎలా కొట్టారో, డీఎస్సీకి ఎలా చదివారో సీనియర్ అన్నలు చక్కగా రాశారు. నాకింకా ఉద్యోగం రాలేదు. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేనే. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర విజయగాథ ఏదీ లేదు. అందుకని నాకు బాగా తెలిసిన ఒక చిన్న సంగతి రాస్తున్నాను. అది హెడ్‌ఫోన్ల సంగతి. ‘హైదరాబాద్ వెళ్లగానే వీడికి షోకులు ఎక్కువయ్యాయి’ అనుకోకుండా దయచేసి చివరిదాకా చదవండి.

మన పెద్ద హాలు మీకు గుర్తుండే ఉంటుంది. వరుసగా ట్రంకు పెట్టెలు, పైన నాలుగు ఫ్యాన్లు. అందులో ఒకటి తిరిగే దానికంటే మూలిగేది ఎక్కువ. స్టడీ అవర్ మొదలైతే అందరూ గొంతెత్తి చదవాల్సిందే. ఒకడు మొగలు చక్రవర్తుల పేర్లు, ఇంకొకడు పదిహేనో ఎక్కం, మరొకడు ఇంగ్లీషు పద్యం. ఆ రొదలోనే మనం చదువుకున్నాం, ఆ రొదలోనే నిద్రపోయాం. నిశ్శబ్దం అంటే ఏమిటో నాకు పీజీలో లైబ్రరీకి వెళ్లేదాకా తెలియదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా 2016లో, ఇంటర్ చదువుతున్న పూర్వ విద్యార్థి అన్న ఒకాయన ఆదివారాలు హాస్టల్‌కు వచ్చేవాడు. ఆయన దగ్గర మెమరీ కార్డు వేసిన చిన్న ఫోన్ ఉండేది. నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని నాకొక పాట వినిపించాడు. లింకిన్ పార్క్ వాళ్ల ‘ఇన్ ది ఎండ్’, 2000 సంవత్సరంలో వచ్చిన పాట. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ గొంతులోని కోపం, బాధ మాత్రం బాగా అర్థమయ్యాయి. మన భాష కాకపోయినా అది మన లోపలి కేకలాగే అనిపించింది. అలా నాకు రాక్ సంగీతం అంటుకుంది. బస్టాండు దగ్గర యాభై రూపాయలకు ఇయర్‌ఫోన్లు కొన్నాను. హాల్లో ఆ గోల మధ్య పాట వినపడాలంటే వాల్యూమ్ మొత్తం పెట్టాలి. పొద్దున లేచేసరికి చెవుల్లో ‘గుయ్’మని ఒకటే మోత. అది మామూలే అనుకున్నాను. మా నాయనకు కూడా చెవుల్లో ఎప్పుడూ గుయ్‌మంటూనే ఉంటుందని చెప్పేవాడు కదా!

మా నాయన చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. నల్లరాతిలో బంగారు రవ్వలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ మీరు చూసే ఉంటారు. దేశదేశాలకు పోతుంది. ఆ రాతిని కోసేటప్పుడు పక్కన నిలబడితే మనిషి మాట మనిషికి వినపడదు. అక్కడ అందరూ సైగలతోనే పని జరుపుకొనేవారట. నలభై అయిదేళ్లు వచ్చేసరికి మా నాయనతో గట్టిగా అరిస్తే తప్ప మాట్లాడలేని పరిస్థితి వచ్చింది. ఇంట్లో టీవీ పెడితే వీధి చివరికి వినపడుతుంది. చిన్నప్పుడు స్నేహితుల ముందు నాకది నామోషీగా ఉండేది. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. పీజీలో చేరాక ఖర్చుల కోసం సాయంత్రాలు ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనికి కుదిరాను. డబ్బింగ్ గొంతుల్లో దగ్గులు, ఊపిరి చప్పుళ్లు కత్తిరించడం నా పని. పోయినేడు ఆ స్టూడియో అన్న సామాను మార్చుకుంటూ, “తమ్ముడూ, నీకు ఇవ్వాల్సిన మూడు వేలకు బదులు ఈ రెండు పాత హెడ్‌ఫోన్లలో ఒకటి తీసుకుంటావా? కొత్తవి కొనాలంటే ఇంకా చాలా పెట్టాలి. వారం రోజులు రెండూ నీ దగ్గరే ఉంచుకుని చూడు, తర్వాత ఒకటి తిరిగి ఇచ్చెయ్” అన్నాడు. మూడు వేలంటే నాకు నెల మెస్ బిల్లు. అయినా ఒప్పుకున్నాను. ఆ వారం రోజులు నేను చేసిన పరీక్షే ఈ వ్యాసం.

రెండూ వెనక వైపు మూసి ఉండే రకం. హెడ్‌ఫోన్లలో రెండు జాతులున్నాయి. ఒకదానికి వెనక జల్లెడలా తెరిచి ఉంటుంది. శబ్దం విశాలంగా, సహజంగా వినిపిస్తుంది కానీ బయటి గోల లోపలికి, లోపలి పాట బయటికి పోతుంది. మన హాల్లో అది పెట్టుకుంటే పక్క మంచం వాడు చెప్పు విసురుతాడు. రెండోది వెనక గిన్నెలా మూసి ఉంటుంది. చెవి చుట్టూ మెత్తటి దిండు అతుక్కుని బయటి చప్పుడును ఆపుతుంది. హాస్టల్‌లో ఉండేవాళ్లకు పనికొచ్చేది ఇదే.

మొదటిది జపాన్ కంపెనీ ఆడియో-టెక్నికా వారి ఏటీహెచ్-ఎం50ఎక్స్. 2014లో వచ్చిన మోడల్. లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ 45 మిల్లీమీటర్లు, నిరోధం 38 ఓమ్‌లు. గిన్నెలు పక్కకు తిరుగుతాయి, తీగ ఊడదీసి వేరేది పెట్టుకోవచ్చు. రెండోది జర్మనీ కంపెనీ సెన్‌హైజర్ వారి హెచ్‌డీ 280 ప్రో. 64 ఓమ్‌లు, ఊడదీయరాని చుట్టల తీగ. చూడటానికి పాతకాలం టెలిఫోన్ ఆపరేటర్ సామానులా ఉంటుంది. తలను గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు కావాలని పెట్టిందే. బయటి శబ్దాన్ని 32 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుందని కంపెనీ చెబుతుంది. మొదటిది అంతగా తగ్గించదు.

మొదటి రోజు స్టూడియోలో, అందరూ వెళ్లిపోయాక, తలుపులు వేసుకుని విన్నాను. లెడ్ జెప్పెలిన్ బృందం 1971లో చేసిన ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ పెట్టాను. ఈ పాట గురించి రెండు మాటలు చెప్పాలి. మొదట దీన్ని 1929లో అమెరికాలో కాన్సాస్ జో మెక్‌కాయ్, మెంఫిస్ మిన్నీ అనే నల్లజాతి గాయకులు పాడారు. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహా వరద గురించిన పాట అది. ఆ వరదలో నల్లజాతి కూలీలను శిబిరాల్లో కాపలా పెట్టి మరీ కరకట్టల మీద పని చేయించారు. రాక్ సంగీతానికి వేరు అక్కడుంది. లెడ్ జెప్పెలిన్ వాళ్లు దాన్ని ఇంగ్లండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డు చేశారు. డ్రమ్స్‌ను మెట్ల కింద హాల్లో పెట్టి, మైకులను పైనుంచి వేలాడదీశారు. ఆ భవనం 1795లో దిక్కులేని పేదలను, అనాథలను ఉంచడానికి కట్టింది. అంటే ఒకరకంగా అదీ మన హాస్టల్ లాంటిదే. రాక్ సంగీతంలో అందరూ గొప్పగా చెప్పుకొనే డ్రమ్స్ మోత ఒక బీదల వసతి గృహం మెట్ల దగ్గర పుట్టింది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకెందుకో గర్వంగా అనిపించింది.

ఎం50ఎక్స్‌లో ఆ డ్రమ్స్ మొదలవగానే ఒళ్లు జలదరించింది. మా తాత చితుకుల మంట మీద డప్పు కాచి, బిగువు చూసి ఒక్క దెబ్బ వేస్తే గుండెలో తగిలినట్టు తగిలింది. అడుగు శబ్దం నిండుగా, బరువుగా ఉంది. తాళాలు మెరిసినట్టు వినిపించాయి. అదే పాట హెచ్‌డీ 280లో పెట్టాను. డ్రమ్స్ ఉన్నాయి కానీ కొంచెం సన్నబడ్డాయి. పప్పులో నెయ్యి తగ్గినట్టు అనిపించింది. అన్నీ విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి, కానీ ఊపు తక్కువ.

తర్వాత మెటాలికా వాళ్ల 1988 నాటి ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ పెట్టాను. అందులో బేస్ గిటార్ దాదాపు వినపడదు. కలిపేటప్పుడే దాన్ని అంతగా తగ్గించేశారు. రెండు హెడ్‌ఫోన్లలోనూ వెతికాను, దొరకలేదు. ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ అయినా రికార్డులో లేనిదాన్ని తెచ్చి పెట్టలేదని అప్పుడు తెలిసింది. ఆ రాత్రికి నా మార్కులు వేసేశాను. రాక్ వినడానికి ఎం50ఎక్స్ ఫస్ట్ క్లాస్, హెచ్‌డీ 280 సెకండ్ క్లాస్. ఇక వారం రోజులు ఎందుకు, రేపే తేల్చేద్దాం అనుకున్నాను.

కానీ నేను వినేది స్టూడియోలో కాదు కదా! మరుసటి రోజు రెండూ హాస్టల్ గదికి తెచ్చాను. మా గదిలో నలుగురం. ఒకడు ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటాడు, ఒకడు క్రికెట్ పెడతాడు, బయట మోటారు, పైన ఫ్యాను. అక్కడ నిర్వాణా బృందం 1991లో చేసిన ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ విన్నాను. ఈ పాటకు ఒక పద్ధతి ఉంది. చరణం నెమ్మదిగా, రెండే గిటార్ స్వరాలతో గొణుగుతున్నట్టు సాగుతుంది. పల్లవి రాగానే గోడ కూలినట్టు అంతా ఒక్కసారి మీద పడుతుంది. ఎం50ఎక్స్‌తో గదిలో చరణం సరిగా వినపడలేదు. వాల్యూమ్ పెంచాను. చరణం వినపడింది. అంతలో పల్లవి వచ్చి చెవుల్ని కొట్టింది. ఆ రాత్రి పడుకునేటప్పుడు మళ్లీ ఆ పాత ‘గుయ్’ వినిపించింది.

అప్పుడు నాకు అసలు కిటుకు తెలిసింది. మనం వాల్యూమ్ పెంచేది పాటలో పెద్ద శబ్దం కోసం కాదు, చిన్న శబ్దం కోసం. బయటి గోల ముందుగా మింగేసేది చిన్న శబ్దాలనే. దాన్ని వెతుక్కుంటూ మనం వాల్యూమ్ పెంచితే, దెబ్బ కొట్టేది పెద్ద శబ్దం. ఒక్క పాటలోనే మెత్తదనం, మోత రెండూ ఉండే ఇలాంటి రాక్ పాటలతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇక నాలోని ఫిజిక్స్ విద్యార్థి నిద్ర లేచాడు. రెండు హెడ్‌ఫోన్ల నిరోధం వేరు కాబట్టి ఫోన్లో ఒకే వాల్యూమ్ పెట్టినా రెండూ ఒకే మోతగా పలకవు. అందుకని అర్ధరాత్రి అందరూ పడుకున్నాక, ఒకే శబ్దాన్ని రెండిట్లో మార్చి మార్చి వింటూ సమం చేశాను. ఎం50ఎక్స్‌లో 6వ మెట్టు, హెచ్‌డీ 280లో 7వ మెట్టు సమానమని తేలింది. తర్వాత సాయంత్రం గోల ఉన్నప్పుడు, ఆ నిర్వాణా చరణం స్పష్టంగా వినపడేదాకా పెంచాను. ఎం50ఎక్స్ 10కి వెళ్లింది. అంటే నాలుగు మెట్లు. హెచ్‌డీ 280 మాత్రం 8 దగ్గర ఆగింది. ఒకే మెట్టు. ల్యాబ్‌లో మల్టీమీటర్ పెట్టి చూస్తే నా ఫోన్లో ఆ భాగంలో ఒక్కో మెట్టు దాదాపు 3 డెసిబెల్స్.

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అంటే గోలలో వినడానికి ఒక హెడ్‌ఫోన్ నా చెవికి రెండు రెట్ల శక్తి పంపితే, ఇంకొకటి పదహారు రెట్లు పంపుతోంది! ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. 83 అయితే 20 గంటలే. 86 అయితే 10, 89 అయితే 5. పిల్లలకైతే 75 దగ్గరే 40 గంటలు. మనం తొమ్మిదో తరగతిలో యాభై రూపాయల ఇయర్‌ఫోన్లతో ఎంత విన్నామో తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

ఆ శనివారం రాత్రి బస్సులో ఒంగోలు వెళ్తూ రెండూ పట్టుకెళ్లాను. ఇంజన్ రొద లాంటి బరువైన శబ్దాన్ని ఇవేవీ పూర్తిగా ఆపలేవు. కానీ డ్రైవర్ పెట్టిన సినిమా, హారన్లు, పక్క సీటు గురక హెచ్‌డీ 280లో బాగా తగ్గాయి. రెండు గంటలయ్యాక తల మీద పట్టు తెలిసింది, తీసి కాసేపు ఆగి మళ్లీ పెట్టుకున్నాను. ఎం50ఎక్స్ ఆ విషయంలో సుఖం.

పొద్దున ఇంటికి చేరాను. మంచం మీద రెండూ పెట్టి ముఖం కడుక్కుని వచ్చేసరికి మా నాయన వాటిని తిప్పి చూస్తున్నాడు. “ఏందిరా అబ్బాయా, చెవులకు బొచ్చెలా?” అన్నాడు. నేను నవ్వి, హెచ్‌డీ 280 ఆయన తలకు పెట్టి, లెడ్ జెప్పెలిన్ పాట వేశాను. కాసేపు కదలకుండా కూర్చున్నాడు. తర్వాత ఆయన వేళ్లు మంచం పట్టె మీద దరువు వేయడం మొదలుపెట్టాయి. “డప్పు బాగా కాచి కొడుతున్నాడే!” అన్నాడు గట్టిగా.

“తాళాలు వినపడుతున్నాయా నాయనా?” అని సైగ చేస్తూ అడిగాను.

“తాళాలెక్కడివి? డప్పు ఒక్కటే గదా!”

నేను మాట్లాడలేకపోయాను. ఆ పాటలో తాళాలు దెబ్బదెబ్బకూ ఉన్నాయి. అంతకు ముందు సంవత్సరం ఒంగోలులో చెవి డాక్టర్ గారు చూపించిన గ్రాఫు నాకప్పుడు అర్థమైంది. మోత వల్ల పోయే వినికిడి సాధారణంగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. అవి ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. అడుగు శబ్దాలు మిగులుతాయి, పైశబ్దాలు పోతాయి. మాటల్లో ‘స’, ‘ష’, ‘త’ లాంటివి పైశబ్దాల మీదే ఆధారపడతాయి. అందుకే మా నాయనకు మనం మాట్లాడుతున్నట్టు వినపడుతుంది కానీ, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. ఇన్నేళ్లూ మేము ఆయన్ను ‘పట్టించుకోడు’ అని విసుక్కున్నాం.

పాట అయిపోయాక ఆయన హెడ్‌ఫోన్ తీయలేదు. పాట లేకుండానే అలా పెట్టుకుని కూర్చున్నాడు. “దీన్ని పెట్టుకుంటే బయట ఏమీ వినపడట్లా. మిషన్ కాడ ఇట్టాంటివి పెట్టుకోమని మాకు ఒక్కడూ చెప్పలా” అన్నాడు. పాటలు రాని, ఉత్త చెవులు మూసేవి వేరే ఉంటాయని, కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయని చెప్పాను. “అంతేనా?” అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. నా పాటల కోసం నేను మూడు వేలు వదులుకుంటున్నాను. ఆయన ఇరవై రెండేళ్ల పనికి కొన్ని వందలు ఖర్చు పెట్టాలని ఆ యూనిట్ వాళ్లకు తోచలేదు. అడగాలని మా వాళ్లకు తెలియలేదు.

సోమవారం స్టూడియోకు వెళ్లి ఎం50ఎక్స్ తిరిగి ఇచ్చేశాను. “రాక్ వింటావు గదా, అది ఎందుకు వదిలావు?” అని అన్న ఆశ్చర్యపోయాడు. నిజమే, నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ నిండు డ్రమ్స్ గుర్తొచ్చి మనసు లాగుతుంది. నాకంటూ ఒక నిశ్శబ్దమైన గది ఉన్న రోజున అదే కొనుక్కుంటాను. నలుగురున్న గదిలో ఉన్నంత కాలం నాకు హెచ్‌డీ 280యే సరైనది. ఏ హెడ్‌ఫోన్ ఎంత గొప్పగా మోగుతుంది అని కాదు, మనం ఉన్నచోట ఎంత తక్కువ మోతలో పాటంతా వినిపిస్తుంది అని చూడాలి. నాకు తేలింది ఇది.

తమ్ముళ్లారా, మీలో ఎవరూ ఇంత ఖరీదైనవి కొనాలని నేను చెప్పడం లేదు. చెవిలో పెట్టుకొనే చవక రకంలో కూడా రబ్బరు టోపీలు మూడు సైజులు ఇస్తారు. మీ చెవికి సరిగ్గా అతుక్కునేది వెతికి పెట్టుకోండి. బయటి గోల తగ్గుతుంది, అడుగు శబ్దం పెరుగుతుంది, వాల్యూమ్ తగ్గించవచ్చు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వాల్యూమ్ పెట్టి, గోలలో దాన్ని పెంచకండి. గంటకోసారి చెవులకు విశ్రాంతి ఇవ్వండి. రోడ్డు మీద, రైలు పట్టాల దగ్గర మాత్రం చెవులు మూసుకోవద్దు. పొద్దున లేచేసరికి ‘గుయ్’మంటే అది మామూలు కాదు, చెవి పెట్టే మొర.

తర్వాతి నెల జీతంతో పనివాళ్లు పెట్టుకొనే చెవి కప్పులు కొని మా నాయనకు పంపాను. ఆయన ఇప్పుడు మిషన్ పని మానేసి, కాపలా పని చేస్తున్నాడు. “నాకెందుకురా, పోయింది ఎట్టాగూ పోయింది. మీ బాబాయికి ఇస్తాలే” అన్నాడు. మా బాబాయి ఇంకా కోత మిషన్ దగ్గరే పనిచేస్తున్నాడు. మొదట్లో తోటివాళ్లు నవ్వారట. మొన్న బాబాయి ఫోన్ చేసి, “అబ్బాయా, అయ్యి ఇంకో నాలుగు పంపుతావా? మావోళ్లు అడుగుతున్నారు, డబ్బులు పోగుచేసి ఇస్తారంట” అన్నాడు.

ఈసారి ఊరికి వచ్చేటప్పుడు తీసుకొస్తున్నాను. మన హాస్టల్‌లో చదివి ఆ పనుల్లో చేరినవాళ్లు, ఆ పనుల్లో తండ్రులున్నవాళ్లు ఎవరైనా ఉంటే వార్షికోత్సవం రోజున నన్ను కలవండి.

- పూర్వ విద్యార్థి (6 నుంచి 10వ తరగతి),
ఎం.ఎస్సీ. ఫిజిక్స్, ద్వితీయ సంవత్సరం